వడ్డీ కంటే ముందు వాయిదా చూడండి: గోదావరి డెల్టాలో చిన్న వ్యాపారానికి ఏ అప్పు నప్పుతుంది?

రాజోలు పక్కనో పాలకొల్లు పక్కనో ఉన్న ఊళ్లో ఒక మహిళకు వ్యాపారానికి 50 వేలు కావాలంటే ఇవాళ కనీసం ఆరు చోట్ల పుడుతుంది: డ్వాక్రా సంఘం, స్త్రీనిధి, మైక్రోఫైనాన్స్ గ్రూపు, బ్యాంకులో ముద్ర రుణం, మెళ్లో గొలుసు మీద తాకట్టు, పొద్దుగూకేసరికి వీధిలోకి బండేసుకొచ్చే డైలీ ఫైనాన్స్. ఎక్కడ తెచ్చినా నోట్లు ఒకటే. తిరిగి కట్టే తీరు మాత్రం దేనిది దానిదే. వ్యాపారం నిలబడేదీ పడిపోయేదీ అక్కడే. డబ్బు రాని నెలలో వచ్చిపడే వాయిదాయే చిన్న వ్యాపారాన్ని ముంచుతుంది. తక్కువ వడ్డీ అప్పయినా సరే, పచ్చిచేపలు అమ్మే మనిషి వేసవి వేట నిషేధంలో నెలవాయిదా కట్టలేకపోతే ఆ వాయిదా కోసం రోజువడ్డీకి తెస్తుంది. కథ అక్కడ మొదలవుతుంది.

అందుకే అప్పు ఎంచుకునేటప్పుడు రెండు పనులు ముందు చేసుకోవాలి. ఒకటి, అందరి వడ్డీనీ ఒకే కొలతలోకి తేవడం. రెండు, మీ చేతికి డబ్బు ఏ నెలలో వస్తుందో, ఏ నెలలో రాదో రాసుకోవడం.

వడ్డీని ఒకే కొలతలోకి తెచ్చుకోండి

ఒకరు "నూటికి రూపాయి" అంటారు, ఒకరు "24 శాతం" అంటారు, ఇంకొకరు "రోజుకు వంద, వంద రోజులు, అంతే" అంటారు. నూటికి నెలకు రూపాయి అంటే ఏడాదికి 12 శాతం, పావలా అంటే 3 శాతం, రెండు రూపాయలంటే 24 శాతం. ఇంతవరకు అందరికీ తెలిసిందే. తేడా వచ్చేది వడ్డీ దేని మీద వేస్తున్నారన్న చోట. బ్యాంకు తగ్గుతున్న బాకీ మీద వేస్తుంది. ప్రైవేటు ఫైనాన్స్‌లో చాలామంది మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వేస్తారు.

50 వేలు, 12 నెలలు అనుకుందాం. తగ్గే బాకీ మీద 12 శాతమైతే వాయిదా సుమారు 4,442, మొత్తం వడ్డీ దాదాపు 3,300. తగ్గే బాకీ మీదే 24 శాతమైతే వాయిదా సుమారు 4,728, వడ్డీ 6,700 పైచిలుకు. అదే 24 శాతాన్ని మొత్తం మీద వేస్తే వాయిదా 5,167, వడ్డీ 12,000. పేరుకు "రెండు రూపాయల వడ్డీ", అసలు రేటు 41 శాతం పైన. ఏడాది అప్పులకు ఒక అడ్డగుర్తు: మొత్తం మీద వేసే వడ్డీని ఒకటి ముప్పావుతో గుణిస్తే దాదాపుగా అసలు రేటు తెలుస్తుంది.

డైలీ ఫైనాన్స్ లెక్క ఇంకా మాయగా ఉంటుంది. 10 వేలు రాసుకుని వెయ్యి ముందే పట్టుకుని 9 వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు. "వెయ్యే కదా వడ్డీ" అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు వెనక్కి పోతోంది కాబట్టి, సగటున మీ దగ్గర ఉండేది 4,500 మాత్రమే. ఏడాదికి లెక్కిస్తే 75 శాతం దాటుతుంది.

బ్యాంకు గానీ ఫైనాన్స్ కంపెనీ గానీ అప్పు ఇచ్చే ముందు కీలక వివరాల పత్రం ఇవ్వాలి. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. ప్రాసెసింగ్ ఫీజు, బీమా లాంటి కోతలన్నీ కలిపిన ఏడాది ఖర్చు అది. మేనేజరు చెప్పే వడ్డీ రేటు పక్కన పెట్టి ఆ అంకెతోనే పోల్చుకోండి. పత్రం ఇవ్వని చోట పోల్చడానికి ఏమీ లేదు, బయటకు వచ్చేయడమే.

డెల్టాలో డబ్బు ఏ నెలలో ఆడుతుంది

కాగితం మీద పన్నెండు గళ్లు గీయండి. మీ సొంత వ్యాపారం సరే, మీ దగ్గర కొనేవాళ్ల చేతిలో డబ్బు ఎప్పుడు ఉంటుందో కూడా అందులో రాయాలి. సార్వా (ఖరీఫ్ వరి) కోతలు నవంబరు, డిసెంబరుల్లో, దాళ్వా (రబీ వరి) కోతలు ఏప్రిల్ ప్రాంతంలో. కూలి డబ్బు, ధాన్యం డబ్బు ఊళ్లో తిరిగేది అప్పుడే. కాలువలు కట్టేసిన వేసవిలో పొలం పని ఉండదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేట నిషేధం, అంతర్వేది నుంచి ఉప్పాడ దాకా ఆ రెండు నెలలూ తీరం ఊళ్లలో చేతులు ఖాళీ. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు, కుట్టుపని సగానికి పడిపోతుంది. జులై, ఆగస్టుల్లో గోదావరి పొంగితే లంక గ్రామాలు దారి తెగిపోయి కూర్చుంటాయి. 2022 జులై వరద ఇంకా ఎవరూ మరచిపోలేదు. అక్టోబరు, నవంబరుల్లో తుపాను భయం. సంక్రాంతికి మాత్రం పిండివంట నుంచి చీర దాకా ఏదైనా అమ్ముడుపోతుంది.

ఇప్పుడు మీ వ్యాపారానికి అన్నిటికంటే పలచనైన నెల ఏదో చూసి, ఆ నెలలో సరుకు ఖర్చు, ఇంటి ఖర్చు పోగా మిగిలేది రాయండి. నెలవాయిదా ఆ మిగులుకు లోపే ఉండాలి. సంక్రాంతి నెల మిగులు చూసి వాయిదా ఒప్పుకోవడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు.

డ్వాక్రా: వడ్డీ తక్కువ, చిక్కంతా పంపకంలో

1982లో మొదలైన కేంద్ర పథకం పేరు డ్వాక్రా. పథకం ఎప్పుడో మారిపోయినా మన ఊళ్లలో స్వయం సహాయక సంఘాలకు ఆ పేరే నిలిచిపోయింది. పల్లెల్లో సెర్ప్, పట్టణాల్లో మెప్మా అనే ప్రభుత్వ సంస్థలు వీటిని చూస్తాయి.

బ్యాంకు లింకేజీ రుణం సంఘం పేరున వస్తుంది. సంఘం పెట్టి కనీసం ఆరు నెలలు అయి ఉండాలి, పంచసూత్రాలు పాటించాలి: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, వాయిదాలు, సరైన పుస్తకాలు. మొదటి విడతలో సంఘం నిధికి ఆరు రెట్లు లేదా కనీసం లక్షన్నర, రెండో విడతలో ఎనిమిది రెట్లు లేదా కనీసం 3 లక్షలు, మూడో విడతలో సూక్ష్మ రుణ ప్రణాళికను (ఎవరికి ఎంత, దేనికి అని సంఘం రాసుకునే కాగితం) బట్టి కనీసం 6 లక్షలు. ఉదాహరణకు పదిమంది నెలకు వంద చొప్పున రెండేళ్లు కడితే నిధి 24 వేలు. ఆరు రెట్లంటే లక్షా 44 వేలే వస్తుంది కాబట్టి కనీస మొత్తమైన లక్షన్నర అడగొచ్చు. 10 లక్షల వరకు తనఖా అడగకూడదు, సంఘం పొదుపు ఖాతాలో సొమ్మును పట్టి ఉంచకూడదు. ఈ మాట బ్రాంచిలో గట్టిగా అడగాల్సి వస్తే అడగండి, రిజర్వు బ్యాంకు నిబంధన అది.

3 లక్షల వరకు మహిళా సంఘాలకు 7 శాతం వడ్డీ అనేది జాతీయ గ్రామీణ జీవనోపాధుల పథకం కింద వచ్చిన ఏర్పాటు. ఆ లెక్కన 3 లక్షలు 36 నెలలకు తీసుకుంటే సంఘం వాయిదా సుమారు 9,263, తలా 926. చేతిపనివాళ్లకిచ్చే విశ్వకర్మ రుణం తప్ప దీనికి దగ్గరగా వచ్చే అప్పు ఇంకోటి లేదు. పైన రాష్ట్ర ప్రభుత్వం సున్నా వడ్డీ కింద తిరిగి వేసే సొమ్ము ఉంటే అది అదనం. ఎప్పుడు పడుతుందో చెప్పలేం కాబట్టి దాన్ని లెక్కలో వేసుకోవద్దు. పడినప్పుడు పొదుపులో కలపండి.

ఇక చిక్కుల సంగతి. మొదటిది సమాన పంపకం. 3 లక్షలు రాగానే "తలా 30 వేలు" అని పంచేస్తారు. గేదె కొనాలనుకున్నామెకు 30 వేలు చాలవు, వ్యాపారం లేనామెకు 30 వేలు ఎక్కువ. చాలనామె మిగతాది బయట రెండు రూపాయలకు తెస్తుంది, ఎక్కువైనామె ఫంక్షన్‌కి ఖర్చు పెడుతుంది. రుణం అడిగే ముందే సూక్ష్మ రుణ ప్రణాళికలో ఎవరికి ఎంత, దేనికి, ఎన్ని నెలల్లో అన్నది రాయించి తీర్మానం చేయండి. ఒకామెకు 90 వేలు, ఇంకొకామెకు 10 వేలు ఇవ్వకూడదనే నియమం ఎక్కడా లేదు. ఒప్పుకోవాల్సింది సభ్యులే. ఈసారి పెద్ద మొత్తం ఎవరికో, వచ్చే విడతలో ఎవరికో ఇప్పుడే పుస్తకంలో రాసుకుంటే మాట తేడా రాదు.

రెండోది, ఒకరి పేరున ఇంకొకరు వాడుకోవడం. "నీకు అవసరం లేదుగా, నీ వాటా నాకివ్వు, నేనే కడతాను" అని తోటి సభ్యురాలో, లీడరో అడుగుతుంది. కట్టకపోతే బాకీ మీదే. ఇప్పుడు సభ్యుల వారీ వివరాలు కూడా అందరి అప్పుల చరిత్ర రాసిపెట్టే క్రెడిట్ బ్యూరోలకు వెళుతున్నాయి, రేపు ముద్రకు వెళ్తే అడ్డొచ్చేది మీ పేరే.

మూడోది, చేతికి ఇచ్చిన వాయిదా. ఊళ్లో సంఘాల పుస్తకాలు చూసే వీవోఏ చేతికో లీడరు చేతికో నగదు ఇచ్చి ఊరుకోవద్దు. సంఘం పుస్తకంలో ఎక్కిందా, బ్యాంకు పాస్‌బుక్కులో పడిందా అని మూడు నెలలకోసారి రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. పాస్‌బుక్కు ప్రింటు చేయించడానికి సభ్యులు వంతులు వేసుకోవడం మంచి పద్ధతి. లీడరు ఎంత మంచిదైనా సరే, ఎప్పుడూ ఒక్కరే బ్యాంకుకు వెళ్లే సంఘంలోనే ఇబ్బందులు పుడతాయి.

వాయిదా 90 రోజులు దాటి బకాయి పడితే మొత్తం సంఘం ఖాతా మొండి బాకీ అవుతుంది. తొమ్మిది మంది కట్టినా పదో మనిషి ఆగితే తర్వాతి విడత అందరికీ ఆగుతుంది. కాబట్టి సంఘం పాతదైతే, పుస్తకాలు సరిగ్గా ఉంటే డ్వాక్రా మొదటి ఎంపిక. లోపల తగాదాలున్న సంఘమైతే తక్కువ వడ్డీ చూసి పెద్ద రుణానికి సంతకం పెట్టకండి.

సంఘాలు టర్మ్ లోను (వాయిదాల్లో కట్టే అప్పు) బదులు క్యాష్ క్రెడిట్ లిమిట్ కూడా అడగొచ్చు. వాడుకున్న మేరకే వడ్డీ. కిరాణా కొట్టు లాంటి వ్యాపారానికి ఇది చక్కగా కుదురుతుంది. సార్వా కోతలదాకా ఖాతా రాసి అరువిచ్చి, కోతలయ్యాక బాకీలు వసూలయ్యే కొట్టుకు డబ్బు అవసరం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కదా.

స్త్రీనిధి గురించి క్లుప్తంగా: 2011లో సంఘాల సమాఖ్యలు, ప్రభుత్వం కలిసి పెట్టిన సహకార సంస్థ ఇది. బ్యాంకు రుణం కట్టేస్తూ ఉండగా మధ్యలో ఒక సభ్యురాలికి అదనంగా కావాల్సి వస్తే ఊళ్లోని సంఘాలన్నీ కలిసిన గ్రామైక్య సంఘం ద్వారా అడుగుతారు. బ్యాంకు కంటే త్వరగా వస్తుంది, వడ్డీ రూపాయికి అటూఇటూ. గ్రామైక్య సంఘం గ్రేడు బాగోలేకపోతే మీ సంఘం ఎంత బాగున్నా మొత్తం తగ్గుతుంది. ఇది చిల్లు పూడ్చడానికి మంచిది, వ్యాపారం మొదలెట్టడానికి డ్వాక్రా రుణం చాలనప్పుడు తోడు పెట్టుకోవడానికి ఇంకా మంచిది.

మైక్రోఫైనాన్స్ గ్రూపు: త్వరగా వస్తుంది, త్వరగా పోవాలి

2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్ వసూళ్ల ఒత్తిడి మీద పెద్ద గొడవ జరిగి అక్టోబరులో ఆర్డినెన్సు, 2011లో చట్టం వచ్చాయి. ఆ తర్వాత కొన్నేళ్లు ఈ సంస్థలు ఇక్కడ దాదాపు కనుమరుగయ్యాయి. మళ్లీ వచ్చాయి. 2022 ఏప్రిల్ నుంచి వీటన్నిటికీ రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు వర్తిస్తున్నాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి 3 లక్షల లోపు ఉన్నవాళ్లకు తనఖా లేకుండా ఇచ్చేదే మైక్రోఫైనాన్స్ రుణం. వడ్డీకి పైకప్పు లేదు, సాధారణంగా 20 శాతం పైనే.

నిబంధనల్లో మీకు పనికొచ్చేవి ఇవీ. ఇంటి అప్పుల వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. నెలకు 15 వేలు వచ్చే ఇంటికి డ్వాక్రా వాటాతో సహా అన్ని వాయిదాలూ 7,500 లోపే. ముందే కట్టేస్తే జరిమానా వేయకూడదు. ఆలస్యమైతే బకాయి పడ్డ మొత్తం మీదే జరిమానా, మొత్తం అప్పు మీద కాదు. ఉదయం 9 కంటే ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చేయకూడదు. వసూలు ఇద్దరూ ఒప్పుకున్న చోట జరగాలి. మీరు వరసగా రెండుసార్లు ఆ చోటికి రాకపోతే తప్ప ఇంటికి రాకూడదు. లోను కార్డు మీకు అర్థమయ్యే భాషలో, అంటే తెలుగులో ఇవ్వాలి.

ఇక్కడ తప్పు జరిగేది సాధారణంగా ఇలా: ఫీల్డ్ ఆఫీసరు ఆదాయం గడిలో తనే ఒక అంకె వేసేస్తాడు, "సంతకం పెట్టండమ్మా, అంతే" అంటాడు. ఎక్కువ ఆదాయం రాస్తే ఎక్కువ అప్పు వస్తుంది, భరించలేని వాయిదా కూడా వస్తుంది. ఆ గడి మీరే చెప్పి రాయించండి. బీమా మీకు ఇష్టం లేకుండా అంటగట్టకూడదు. తీసుకుంటే ఎవరి మీద, ఎంతకు, నామినీ ఎవరు అన్న కాగితం తీసుకోండి. మరణం జరిగిన ఇంట్లో బీమా ఉందన్న సంగతే తెలియక వాయిదాలు కట్టుకుంటూ పోతారు.

గ్రూపులో ఒకరు రాకపోతే మిగతావాళ్లు వేసుకుని కట్టాలని కూర్చోబెట్టడం మామూలు. ఉమ్మడి పూచీ అంటే అదే, కాబట్టి గ్రూపు కట్టేటప్పుడే చూసుకోవాలి. ఒకే వీధి అయినా ఐదుగురూ ఐదు వేర్వేరు వ్యాపారాల వాళ్లయితే మంచిది. ఐదుగురూ పచ్చిచేపల వాళ్లే అయితే వేట నిషేధంలో ఐదుగురికీ ఒకేసారి కష్టం వస్తుంది, ఆదుకునేవాళ్లు ఉండరు.

ఇది ఎవరికి నప్పుతుంది? రోజూ లేదా వారంవారం నగదు తిరిగే పనికి: టిఫిన్ బండి, కూరగాయలు, రావులపాలెం నుంచి అరటి తెచ్చి అమ్మడం, కడియం పూలు. సరుకు వారంలో అమ్ముడై డబ్బు తిరిగొస్తుంది కాబట్టి 24 శాతం కూడా మోయగలదు. ఏడాదికి మించి తీసుకోకండి. రెండో సంస్థ నుంచి తెచ్చి మొదటిదానికి కట్టారంటే ఇక ఆ అప్పు వ్యాపారానిది కాదు.

ముద్ర: మీ పేరున, మీ ఒక్కరి పూచీ

కేంద్రం చిన్న వ్యాపారాలకు పెట్టిన ముద్ర పథకం 2015 ఏప్రిల్ 8న మొదలైంది. శిశు 50 వేల వరకు, కిశోర్ 5 లక్షల వరకు, తరుణ్ 10 లక్షల వరకు. తరుణ్ రుణం తీర్చినవాళ్లకు 2024 నుంచి 20 లక్షల వరకు. తనఖా అక్కర్లేదు. ప్రభుత్వ హామీ నిధి వెనుక ఉంటుంది. ఆ హామీ బ్యాంకుకు, మీకు మాఫీ కాదు, ఇది చాలామంది పొరబడే చోటు.

ముద్ర గొప్పతనం, తోటివాళ్ల బాకీ మీ నెత్తిన పడదు, చరిత్ర మీ పేరునే పెరుగుతుంది. కష్టం, బ్రాంచి దాటడం. ఊరికే "ముద్ర ఇవ్వండి" అంటే తిప్పుతారు. ఆరు నెలల ఖాతా లావాదేవీలు కనబడాలి. కాబట్టి ఇప్పుడే అమ్మకాలు ఫోన్‌పే, గూగుల్ పే క్యూఆర్ మీద మీ సొంత ఖాతాలోకి వచ్చేలా పెట్టుకోండి. ఇక్కడ చాలా కొట్లలో అంటించిన క్యూఆర్ భర్తదో కొడుకుదో ఉంటుంది. వ్యాపారం మీదే, చరిత్ర ఆయన పేరున పెరుగుతోంది! చిన్న వ్యాపారాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్, పాన్ ఉంటే చాలు. దానికి వెయ్యి, రెండు వేలు అడిగే మీసేవ బయటి మధ్యవర్తికి ఇవ్వకండి. కొనబోయే యంత్రానికి కొటేషను, సరుకు లెక్క, ఎన్ని నెలల్లో ఎంత కడతారన్న ఒక పేజీ కాగితం తీసుకెళ్లండి. బ్యాంకు రుణాన్ని యంత్రం అమ్మేవాడి ఖాతాకే నేరుగా పంపొచ్చు, అందుకు సిద్ధపడండి. యంత్రానికే మొత్తం అడిగి, బట్టకీ నూనెకీ డబ్బు మిగుల్చుకోకపోవడం ముద్రలో సర్వసాధారణమైన తప్పు. యంత్రానికి టర్మ్ లోను, సరుకుకు విడిగా కొంత అని ఒకే దరఖాస్తులో రాయించండి.

కుట్టుపని, పూల మాలలు కట్టడం, బుట్టలు, చాపలు, కొబ్బరి పీచు పని, వలలు అల్లడం చేసేవాళ్లు ముద్రకు ముందు పీఎం విశ్వకర్మ చూసుకోవాలి. 2023 సెప్టెంబరులో మొదలైంది. 5 శాతం వడ్డీకి మొదట లక్ష వరకు 18 నెలలకు, తర్వాత 2 లక్షల వరకు 30 నెలలకు. పనిముట్లకు 15 వేల సాయం వేరే. కుటుంబంలో ఒక్కరికే. తీరని ముద్ర బాకీ ఉంటే అడ్డొస్తుంది, అందుకే వరస ముఖ్యం అంటున్నాం. వడ్డీ చవకే గానీ గడువు చిన్నది: లక్ష తీసుకుంటే నెలకు 5,778 దాకా వాయిదా. 50 వేలు తీసుకుంటే 2,889. ఆషాఢంలో జాకెట్లు రాని దర్జీకి రెండోదే క్షేమం. దరఖాస్తులు ప్రస్తుతం తీసుకుంటున్నారా అన్నది సచివాలయంలో కనుక్కోండి. భీమవరం, కాకినాడ, అమలాపురం లాంటి పట్టణాల్లో తోపుడు బండి వాళ్లకు స్వనిధి ఉంది: 2025లో మార్చిన ప్రకారం 15 వేలు, 25 వేలు, 50 వేలు, సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ. బండి మీద బతికేవాళ్లకు డైలీ ఫైనాన్స్ నుంచి బయటపడే దారి ఇదే.

బంగారం, డైలీ ఫైనాన్స్, చీటీలు

బంగారం తాకట్టు అంటే పరువు తక్కువ అనుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. నిజానికి ఏడాదిలోపు ఒక్కసారే అసలు కట్టే వీలున్న అప్పు చిన్న వ్యాపారికి తేలిగ్గా దొరికేది ఇదే. ఎండుచేపల లెక్క చూడండి. జనవరి, ఫిబ్రవరుల్లో ఎండ బాగా కాస్తుంది, మెత్తళ్లు, రొయ్యపప్పు కొని ఎండబెట్టి నిల్వ చేస్తారు. నిషేధం మొదలై పచ్చిచేప తగ్గాక ధర పెరుగుతుంది. డబ్బు జనవరిలో కావాలి, మే, జూన్‌లలో తిరిగొస్తుంది. నెలవాయిదా అప్పు తెస్తే సరుకు అమ్మకముందే ఏప్రిల్ నాటికి అందులో బాగా వెనక్కి పోయి ఉంటుంది, అంటే సరుకును తక్కువకు తెగనమ్మాలి. 60 వేలు బ్యాంకులో గొలుసు మీద రూపాయి వడ్డీకి ఐదు నెలలు ఉంచితే వడ్డీ 3 వేలు, జూన్‌లో గొలుసు ఇంటికి. తొలి వానలకు ముందు సరుకు ఖాళీ చేయాలి, చెమ్మ తగిలితే పురుగు.

రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం 2.5 లక్షల లోపు అప్పుకు బంగారం విలువలో 85 శాతం వరకు ఇవ్వొచ్చు. ఇస్తున్నారు కదా అని అంతా తీసుకోకండి, ధర తగ్గితే కంగారు పడాలి. మొత్తం కట్టాక బంగారం ఏడు పనిదినాల్లోపు ఇవ్వాలి, ఆలస్యమైతే రోజుకు 5 వేల పరిహారం ఇవ్వాలి. ఊళ్లో సొసైటీ, బ్యాంకు ఉండగా ప్రైవేటు తాకట్టు కొట్టుకు వెళ్లాల్సిన పని లేదు. గడువు నెల ముందే క్యాలెండరులో ఎర్రగా గీసుకోండి, వేలం నోటీసు వచ్చాక పరిగెత్తడం కంటే అది తేలిక.

డైలీ ఫైనాన్స్ మీద చెప్పాల్సింది తక్కువ. ఖాళీ ప్రామిసరీ నోటు మీదా, ఖాళీ చెక్కు మీదా సంతకం అడిగితే ఎంత అవసరమైనా పెట్టకండి. 2015లో విజయవాడ కాల్ మనీ గొడవ బయటపడినప్పుడు రాష్ట్రమంతా చూసింది ఆ కాగితాలు ఎలా వాడతారో. ఫోన్‌లో కాంటాక్టులు, ఫొటోలు చూసే అనుమతి అడిగే లోన్ యాప్ కూడా ఇదే కోవలోకి వస్తుంది.

చీటీని అప్పుగా కాక పొదుపుగా వాడితే మంచిది. రెండో నెలలోనే లక్ష చీటీని 75 వేలకు పాడుకోవడమంటే 25 వేలు ముందే వదులుకోవడం. రిజిస్టరైన చీటీలో నిర్వాహకుడి కమీషను 7 శాతం దాటకూడదు, ఊళ్లో నమ్మకం మీద నడిచే చీటీకి ఆ చట్టం రక్షణ ఉండదు.

నాలుగు వ్యాపారాలకు నాలుగు రకాల అప్పు

గేదె. ధర 90 వేలు అనుకుందాం. రోజుకు 7 లీటర్లు కేంద్రానికి పోసి లీటరుకు 50 వస్తే 350, దాణా, గడ్డి, మందులకు 190 పోతే మిగులు 160, నెలకు 4,800. మైక్రోఫైనాన్స్‌లో 24 శాతానికి 24 నెలలు తీసుకుంటే వాయిదా 4,758, మిగులంతా అదే. పైగా ఏడాదిలో రెండు మూడు నెలలు గేదె వట్టిపోతుంది, పాలు ఉండవు, మేత ఆగదు. 10 శాతానికి 36 నెలలైతే 2,904, 48 నెలలైతే 2,283. కాబట్టి గేదెకు డ్వాక్రా లేదా ముద్ర, మూడేళ్లకు తక్కువ కాకుండా. రెండు గేదెలు కొనాలనుకుంటే ఒకేసారి కొనకండి, ఆరు నెలల తేడాతో తీసుకుంటే ఒకటి వట్టిపోయినప్పుడు రెండోది పాలిస్తుంది. చెవి పోగు వేయించి బీమా చేయించడం కొన్న వారంలోనే జరిగిపోవాలి. పోగు ఊడిపోతే వెంటనే చెప్పి కొత్తది వేయించాలి, పోగు లేని గేదెకు బీమా సొమ్ము రాదు.

నరసాపురం లేసు. దారం, సూది తప్ప పెట్టుబడి పెద్దగా లేదు. అల్లినవాళ్లకు డబ్బు ఏజెంటు దగ్గర నుంచి ఆలస్యంగా వస్తుంది. ఈ పనికి వారవాయిదా, నెలవాయిదా రెండూ ముల్లే. సంఘం లోపలి అంతర్గత అప్పు, 10, 15 వేలు, చాలు. పది మంది కలిసి దారం మొత్తంగా కొని ఏజెంటు లేకుండా అమ్మగలిగితేనే పెద్ద రుణం ఆలోచించండి. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంఘంగా అమ్మేవాళ్లకు అది పనికొస్తుంది.

ఆత్రేయపురం పూతరేకులు. రేకు తీయడం చేతిపని, ఖర్చంతా నెయ్యిలో, బెల్లంలో, జీడిపప్పులో. సరుకు పది రోజుల్లో అమ్ముడుపోవాలి, కాబట్టి డబ్బు త్వరగా తిరుగుతుంది. పెద్ద అప్పు తీసుకుని నెయ్యి నిల్వ చేయడం నష్టం. 25, 30 వేల చిన్న రుణం, సంక్రాంతికి, పెళ్లిళ్ల కాలానికి ముందు. డబ్బాలు, లేబులు, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత) రిజిస్ట్రేషన్ కూడా పెట్టుబడిలో రాసుకోండి, వాటిని మరచిపోయి నెయ్యికే అంతా పెట్టేసినవాళ్లకు బయటి ఊరి ఆర్డరు వస్తే పంపలేక ఆగిపోతారు.

కుట్టుపని. విశ్వకర్మ, అది కుదరకపోతే శిశు. ముందు పికో, ఓవర్‌లాక్ మిషన్ కొనండి, ఫాల్సు కుట్టే పని రోజువారీ వస్తుంది. మగ్గం వర్క్ స్టాండు రెండో విడతకు ఉంచండి.

వాయిదా తప్పుతుందనిపిస్తే

తప్పాక కాదు, తప్పే ముందు నెలలో వెళ్లండి. బ్యాంకులోనైనా ఫైనాన్స్‌లోనైనా రాతపూర్వకంగా అడిగి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. వరదో తుపానో వచ్చి ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని విపత్తు ప్రాంతంగా ప్రకటిస్తే వాయిదాలు మార్చి రాసే వెసులుబాటు బ్యాంకులకు ఉంది. దానంతట అది రాదు, అడిగినవాళ్లకే. నీళ్లు నిలిచిన కొట్టు, పాడైన సరుకు ఫొటోలు తేదీతో ఉంచుకోండి, వీఆర్వో రాసిచ్చే నష్టం కాగితం తీసుకోండి. వేధింపు ఉంటే ముందు ఆ సంస్థకే ఫిర్యాదు చేసి రసీదు నంబరు తీసుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, సమాచారానికి 14448కి ఫోన్ చేయొచ్చు.

ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు ఏడాదికి 436, సురక్ష బీమాకు 20 రూపాయలు బ్యాంకు ఖాతా నుంచి కట్ అవుతున్నాయో లేదో మే నెలాఖరున చూసుకోండి, ఖాతాలో డబ్బు లేక ఆగిపోయిన పాలసీలు చాలా ఉంటాయి.

అప్పు తీరిన రోజున బాకీ లేదన్న పత్రం తీసుకోండి. లోను కార్డు మీద "ముగిసింది" అని రాయించుకోండి. రెండు నెలలాగి క్రెడిట్ రిపోర్టు చూడండి, ఏడాదికొకసారి ఒక్కో బ్యూరో నుంచి ఉచితంగా వస్తుంది. తీరిన అప్పు ఇంకా నడుస్తున్నట్టు కనబడితే బ్యూరోకి, అప్పు ఇచ్చిన సంస్థకి రాయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు వంద రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి.